పాప రైలింజన్ నడుపుతానంటోంది, కళ్ళద్దాలొచ్చాయి. ఇప్పుడే చెప్పెయ్యాలా?

వేదాయపాళెం అమ్మ

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఏమనుకోకండి. మాది నెల్లూరు, వేదాయపాళెం స్టేషన్‌కి దగ్గర్లోనే ఇల్లు. మా పాప మూడో తరగతి. ఎల్‌కేజీ నుంచి ఒకటే మాట, పెద్దయ్యాక రైలింజన్ నడుపుతానని. డ్రైవర్ అంటే ఊరుకోదు, లోకో పైలట్ అనాలి.

ఈ పిచ్చి అంటించింది మా మామగారు. ఆయన బిట్రగుంట లోకో షెడ్‌లో బొగ్గింజన్ల కాలంలో ఖలాసీగా, అంటే హెల్పర్‌గా చేరి, అవి పోయాక విజయవాడకి మారి ఫిట్టర్‌గా రిటైరయ్యారు. సాయంత్రమైతే మనవరాలిని మేడ మీదికి తీసుకెళ్ళి సిగ్నళ్ళు చూపిస్తారు. రెండు పసుపు లైట్లు కనబడితే "డబుల్ ఎల్లో, అటెన్షన్" అని చెయ్యెత్తి గట్టిగా చెప్పాలి, ఒకటే ఉంటే "కాషన్", ఎరుపైతే "డేంజర్". ఇప్పుడు టీవీ కింద వెలిగే ఎర్ర లైటు చూసినా అట్నే చెయ్యెత్తి నిలబడిపోతుంది, దాన్ని దాటుకుని వంటింట్లోకి పోవాలంటే నేను కూడా గ్రీన్ వచ్చిందాకా ఆగాలి.

విషయం ఏంటంటే, సిగ్నల్ వైపు కళ్ళు చికిలించి చూస్తోందని మామగారే ముందు కనిపెట్టారు. కళ్ళ డాక్టర్‌కి చూపిస్తే రెండు కళ్ళకీ మైనస్ ఒకటిన్నర. అద్దాలు రాశారు. ఆ రాత్రి మామగారు అన్నం దగ్గర కూర్చుని, పాప పడుకున్నాక, "అద్దాలున్నోళ్ళని ఇంజన్ ఎక్కనియ్యరమ్మా" అన్నారు. నేను నమ్మలేదు. రైల్వే రిక్రూట్‌మెంట్ నోటిఫికేషన్ తీసి చదివా. అసిస్టెంట్ లోకో పైలట్‌కి ఏ-1 మెడికల్ అట, దూరపు చూపు రెండు కళ్ళకీ 6/6 ఉండాలి, అదీ అద్దాల్లేకుండా.

మా ఆయన "పోన్లే, ఒక గోల వదిలింది" అన్నారు. ఆయన లెక్క వేరే, ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్‌లో వెయ్యాలని ఫీజులు కూడా కనుక్కొచ్చారు.

నా సంగతే నాకు అర్థం కావట్లేదు. ఇన్నాళ్ళూ దీన్ని నేను ఒక ముచ్చటగానే చూశా. చుట్టాలొస్తే "చెప్పమ్మా ఏమవుతావో" అని అడిగించి అందరం నవ్వుకునేవాళ్ళం. నిజంగా ఇంజనే నడపాలని నాకేం లేదు, ఆ మాటకొస్తే ఆడపిల్ల రాత్రిళ్ళు గూడ్స్ బండిలో ఒంటరిగా పోవడం తలుచుకుంటేనే నాకు భయం. కానీ అది కుదరదని తెలిసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. నా చిన్నప్పుడు నన్నెవరూ ఏమవుతావని అడగలేదు. డిగ్రీ అయ్యాక బీఎడ్ అన్నారు, చేశా, అంతే. దీనికి మాత్రం నోరు తిరిగినప్పటి నుంచి ఒక కోరిక ఉంది, అది చూసి నాకు లోపల గర్వంగా ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది.

పాప ఏమందో తెలుసా, అద్దాలు పెట్టుకుని మేడెక్కి, "అమ్మా ఇప్పుడు దూరం సిగ్నల్ కూడా కనిపిస్తోంది, ఇంక నేను మంచి లోకో పైలట్‌ని అవుతా" అని. మామగారు మొహం పక్కకి తిప్పుకున్నారు.

ఇప్పుడే చెప్పెయ్యాలా, పెద్దయ్యాక దానికే తెలుస్తుందని వదిలెయ్యాలా? మీ ఇళ్ళల్లో ఇట్టాంటివి జరిగుంటే చెప్పండి.

కావలి రొయ్యలోడు

అక్కా, ఎనిమిదేళ్ళ పిల్ల. దీనికింత టెన్షన్ ఎందుకు? మావాడు పోయినేడు జేసీబీ డ్రైవర్. మా గుంట కట్టలు తెగితే జేసీబీ పిలిపించాం, ఆ ఆపరేటర్ వీణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని లివర్ పట్టనిచ్చాడు, అంతే, అయిపోయింది. ఇప్పుడు జేసీబీ పోయింది, గుంటలో నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు రిపేర్ చేసే మెకానిక్ కావాలట. గుంటలో రొయ్య ఎట్టా ఉంటుందో తెలీదు వాడికి, మేత టైము తెలీదు, ఏరియేటర్ మోటారు శబ్దం విని ఏది బేరింగ్ పోయిందో మాత్రం చెబుతాడు. ఒక్కోసారి కరెక్టుగానే చెబుతాడు, అది వేరే సంగతి.

మా నాయన పొగాకు వేశాడు, నేను రొయ్యలు వేస్తున్నా, వాడు ఏం చేస్తాడో వాడిష్టం, రొయ్యలు తప్ప. రొయ్యలకి వైట్‌స్పాట్ జబ్బు వచ్చి ఒక పంట మొత్తం పోతే ఇంట్లో ఎట్టా ఉంటుందో చూసినోణ్ణి, కొడుక్కి అది వద్దు.

అయినా అంత కావాలంటే పెద్దయ్యాక లేజర్ ఆపరేషన్ చేయిస్తే అద్దాలు పోతాయి కదా. ఈలోపు పిల్లకి ఏం చెప్పక్కర్లేదు.

గూడూరు లోకో ఇల్లాలు

కావలి తమ్ముడూ, తెలియకుండా సలహా ఇవ్వొద్దు. లేసిక్, అదే మీరన్న లేజర్ ఆపరేషన్, చేయించుకున్నవాళ్ళని ఏ-1కి తీసుకోరు, నోటిఫికేషన్‌లోనే రాసుంటుంది. దాన్ని నమ్ముకుని ఎవరైనా లక్ష ఖర్చు పెట్టుకుంటే పాపం మీదే.

మా ఆయన లోకో పైలట్, గూడ్స్. వేదాయపాళెం అక్కా, మీ మామగారి మాట నిజమే గానీ కొంచెం సరిచెయ్యాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు అద్దాలు ఉండకూడదు. చేరాక వయసు మీద పడి చూపు తగ్గితే, పరీక్షల్లో పాసైతే అద్దాలతోనే నడపనిస్తారు. మా ఆయనకీ ఉన్నాయి. డ్యూటీకి రెండు జతలు పట్టుకుపోవాలి, ఒకటి పగిలితే రెండోది ఉండాలని రూలు. కాబట్టి మీ పాప రేపు స్టేషన్‌లో అద్దాలున్న లోకో పైలట్‌ని చూసి "అదిగో ఆయనకున్నాయి కదా" అంటే మీ దగ్గర జవాబు ఉండాలి.

ఇంకో మాట, మీవారికి చెప్పండి. ఇంజన్ నడపడం అంటే తక్కువ ఉద్యోగం అనుకుంటున్నారేమో. కంప్యూటర్ పరీక్షలు రెండు దాటాలి, ఆ తర్వాత ఆప్టిట్యూడ్ టెస్ట్, అందులో ప్రతి భాగంలోనూ విడివిడిగా 42 స్కోరు రావాలి, ఒక్కదాంట్లో తగ్గినా ఇంటికే. చేరేటప్పుడు బేసిక్ 19,900 అని చూసి పెదవి విరుస్తారు గానీ డీఏ, నడిపిన కిలోమీటర్లకి వచ్చే అలవెన్స్ కలిస్తే వేరేగా ఉంటుంది.

అంతమాత్రాన పూలపాన్పు అని చెప్పను. రాత్రి ఒంటిగంటకి కాల్ వస్తుంది, రెండు గంటల్లో లాబీలో, అంటే డ్యూటీ ఎక్కే ఆఫీసులో ఉండాలి, నోట్లో గొట్టం పెట్టి ఊదాలి తాగలేదని. పండగ లేదు, పెళ్ళి లేదు. ఇంజన్లో నిమిషం పాటు ఏ మీటా కదపకపోతే బజర్ మోగుతుంది, అప్పుడూ నొక్కకపోతే బ్రేకులు పడిపోతాయి, మనిషి మెలకువగా ఉన్నాడా లేదా అని. చాలా ఇంజన్లలో ఇప్పటికీ టాయిలెట్ లేదు, కొత్తవాటిలో పెడుతున్నారు. ఆడపిల్లలు ఈ ఉద్యోగంలో చాలామందే ఉన్నారు, వాళ్ళ మొదటి కష్టం అదే. సురేఖా యాదవ్ గారు 1988లో దేశంలో మొదటి మహిళా రైలు డ్రైవర్ అయ్యారు, 2023లో వందే భారత్ కూడా నడిపారు. అంత సర్వీసు ఎట్టా నెట్టుకొచ్చిందో ఆ మహాతల్లి, నాకైతే ఆమె కాళ్ళకి మొక్కాలనిపిస్తుంది.

చెప్పాలా వద్దా అన్నది నాకు తెలీదు. మా ఇద్దరు పిల్లల్లో ఒక్కరు కూడా రైల్వే అనలేదు. నాన్న ఇంట్లో ఉన్నప్పుడు శబ్దం చెయ్యొద్దు, పడుకున్నారు అనే మాట వింటూ పెరిగిన పిల్లలు వాళ్ళు.

సింగరాయకొండ ఎలక్ట్రీషియన్

మేడమ్, నేను చెప్పెయ్యమనే అంటాను. కారణం ఉంది.

నాది డిప్లొమా, ఎలక్ట్రికల్. చిన్నప్పటి నుంచి మీ పాప లాగే రైలు పిచ్చి. పరీక్షలన్నీ పాసయ్యా, ఆప్టిట్యూడ్ కూడా. మెడికల్‌లో ఒక పుస్తకం ముందు పెట్టి చుక్కల్లో అంకె ఏది అన్నారు. నాకు చుక్కలే కనబడ్డాయి. పేజీ తిప్పారు, మళ్ళీ చుక్కలే. నాకు ఎరుపు, ఆకుపచ్చ సరిగా తేడా తెలియదని ఆ రోజు తెలిసింది. ఇరవైనాలుగేళ్ళు బతికి, చొక్కాలు కొనుక్కుని, ట్రాఫిక్ లైట్ల దగ్గర పైదా కిందదా అని చూసుకుని బండి నడిపినవాణ్ణి. ఇది తల్లి వైపు నుంచి మగపిల్లలకి ఎక్కువగా వస్తుందట, మా మేనమామకీ ఉందని అప్పుడు బయటపడింది, ఆయన ఎప్పుడూ పండు మిరపకాయ పచ్చి మిరపకాయ చేత్తో నొక్కి చూసి కోసేవాడు, అందరం చాదస్తం అనుకున్నాం.

మెడికల్‌లో పోతే వేరే పోస్టు కూడా ఇవ్వరు. నోటిఫికేషన్‌లో ఆ లైను ఉంది, అందరం చదువుతాం, మనకి కాదులే అనుకుంటాం. కోచింగ్‌కి పోయిన ఏళ్ళు పోయినట్టే.

ఇప్పుడు చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తున్నా. ఇక్కడ రాయంతా నలుపే కాబట్టి రంగుల గొడవ లేదు. బాగానే ఉన్నా, ఏడుపేం లేదు.

నేననేది ఒకటే. మీకు ముందే తెలిసింది, అది అదృష్టం. అది మీ దగ్గరే దాచుకుని పిల్ల ఇంటర్‌లోనో డిప్లొమాలోనో ఉండగా బయటపెడితే, "నీకు అప్పట్నుంచే తెలుసా" అని అడుగుతుంది. అప్పుడు కోపం రైల్వే మీద ఉండదు, మీ మీద ఉంటుంది. మగపిల్లలున్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఆ చుక్కల పుస్తకం టెస్ట్ ఒకసారి చేయించండి, కళ్ళ డాక్టర్ దగ్గర అయిదు నిమిషాల పని.

ఒంగోలు పంతులమ్మ

నేను ప్రాథమిక పాఠశాలలో చెబుతాను. ఈ ప్రశ్న పిల్లల్ని ప్రతి ఏడూ అడుగుతాం, ఆగస్టు 15కో నవంబరు 14కో. క్లాసులో సగంమంది కలెక్టర్, మిగతా సగం డాక్టర్, వెనక బెంచీలో ఇద్దరు పోలీసు. అది పిల్లల జవాబు కాదు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు స్టేజీ మీద చెప్పమన్న జవాబు. అదే పిల్లల్ని మధ్యాహ్న భోజనం అయ్యాక చెట్టు కింద కూర్చున్నప్పుడు, "రోజంతా ఏం చెయ్యనిస్తే చేస్తావురా" అని అడగండి, వేరేగా వస్తుంది. ఒకడు వాళ్ళ తాత ఒంగోలు గిత్తకి కొమ్ములు నూనె పెట్టి తోమడం చెప్పాడు, ఏ నూనె, ఏ గుడ్డ, ఎటు నుంచి ఎటు తుడవాలో అన్నీ. అదే పిల్లాడు పొద్దున కలెక్టర్ అన్నాడు. కలెక్టర్ ఏం చేస్తాడురా అంటే కారులో పోతాడు అన్నాడు.

అందుకే మీ పాప సంగతి నాకు ముచ్చటగా ఉంది. దానికి ఉద్యోగం పేరు కాదు, పనే నచ్చింది. సిగ్నల్ చూడటం, చెయ్యెత్తి చెప్పడం, తాతతో మేడెక్కడం. అందులో ఏదీ ఆగిపోలేదు కదా. ఏ-1, 6/6 అన్నవి మనకి అర్థమయ్యే సంగతులు, మూడో తరగతి పిల్లకి "నీ కళ్ళు బాగాలేవు కాబట్టి నువ్వు పనికిరావు" అన్నట్టే వినబడుతుంది. అద్దాలు పెట్టుకోవడం కూడా మానేస్తుంది. మా స్కూల్లో అద్దాలిచ్చిన పిల్లల్లో కొందరు గేటు దాటగానే తీసి సంచీలో వేస్తారు, ఎవరో ఏదో అన్నారని. మీ పాప ఇప్పుడు సంతోషంగా పెట్టుకుంటోంది, అది చెడగొట్టొద్దు.

సింగరాయకొండ తమ్ముడు చెప్పింది కాదనను. అబద్ధం చెప్పొద్దు. అది నేరుగా "నన్ను తీసుకుంటారా" అని అడిగిన రోజు ఉన్నదున్నట్టు చెప్పండి. అడగకముందే కూర్చోబెట్టి చెప్పడం మాత్రం నాకు ఇష్టం లేదు, అది మన బరువు దించుకోవడమే.

ఇక ఆరో తరగతి నుంచి ఫౌండేషన్ అన్నారే, దాని మీద ఎవరూ మాట్లాడలేదు. నాకు కోపం వచ్చేది అక్కడ. ఇంజన్ నడపడానికి వీల్లేదని రూలు చెప్పింది, దానికో కారణం ఉంది, వెనక వెయ్యిమంది ప్రయాణికులున్నారు. పదకొండేళ్ళ పిల్ల సాయంత్రం మేడెక్కకుండా పొద్దుపోయేదాకా ఫిజిక్సు బిట్లు చెయ్యాలని ఏ రూలు చెప్పింది? డాక్టర్లే అంటున్నారు పిల్లలు ఎండలో, ఆరుబయట ఎక్కువసేపు ఉంటే మంచిదని, మైనస్ రావడం తగ్గుతుందని. వచ్చింది పోతుందని కాదు. మైనస్ ఉన్న పిల్లని నాలుగ్గోడల మధ్య కూర్చోబెట్టడం ఏం తెలివి.

సూళ్ళూరుపేట

కాయితాల మీద 2022 నుంచి మాది తిరుపతి జిల్లా, మేం మాత్రం నెల్లూరోళ్ళమే, అందుకని ఇక్కడ మాట్లాడే హక్కుంది :)

2023 జులై 14న చంద్రయాన్-3 లేచినప్పుడు మా వీధి మొత్తం మేడల మీదే ఉంది. మధ్యాహ్నం 2:35కి ఎగిరితే సాయంత్రానికి వీధిలో ప్రతి పిల్లకాయా సైంటిస్టే, మావాడితో సహా. ఆ ఊపు చూసి నేను కూడా ఇస్రో వాళ్ళ యువికా కార్యక్రమం గురించి కనుక్కుంటే అది తొమ్మిదో తరగతి పిల్లలకట, వీడు అప్పుడు ఒకటో తరగతి. ఏడు తిరిగేసరికి వాడు దోసెల మాస్టర్. పెనం మీద పిండి తిప్పడం రాకెట్ కన్నా బాగుందట. మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. నేనన్నా, షార్‌లో, అదే మా శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, వంటవాళ్ళ పోస్టులు కూడా పడతాయే, రెండు కోరికలూ తీరతాయి అని.

మా వీధిలో షార్‌లో పనిచేసే వాళ్ళల్లో సైంటిస్టులు తక్కువ. ఐటీఐ ఫిట్టర్లు, ఫైర్‌మెన్, డ్రైవర్లు, నర్సులు. రాకెట్ లేచిన రోజు అందరూ ఒకేలా కాలరెగరేస్తారు. పిల్లలకి ముందుకూర్చున్న మనిషే కనిపిస్తాడు, అంతే తేడా. మీ మామగారు ఇంజన్ నడపకుండానే జీవితమంతా ఇంజన్లతో బతికారు కదా, ఆ సంగతి పాపకి ఆయనెప్పుడైనా చెప్పారా?

వేదాయపాళెం అమ్మ

అందరికీ థాంక్స్. ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు.

సూళ్ళూరుపేట అన్నా, మీరడిగింది నేను మామగారిని అడిగా. ఆయన పనేంటో పాపకి ఎప్పుడూ చెప్పలేదట. "నేనేం నడిపానా, మురికి పని" అన్నారు. బొగ్గింజన్ పొద్దున బయల్దేరాలంటే రాత్రే నిప్పు రాజెయ్యాలని, బూడిద తోడెయ్యాలని, బాయిలర్ గొట్టాలు శుభ్రం చెయ్యాలని నాకే ఇన్నేళ్ళకి తెలిసింది, కోడలిగా వచ్చి. పాప విని, "అయితే తాతా నువ్వు రెడీ చెయ్యకపోతే బండి కదలదా" అంది. కదలదు అన్నారు. అంతే, వేరే ప్రశ్నలు మొదలైపోయాయి, నిప్పు ఎవరు వేస్తారు, చెయ్యి కాలదా, ఆడవాళ్ళు ఉండేవాళ్ళా.

చెప్పడం గురించి అయితే పంతులమ్మ గారి దారిలోనే పోదామనుకుంటున్నా, అడిగినప్పుడు చెబుతా, దాచను. సింగరాయకొండ తమ్ముడి మాట కూడా గుర్తుంచుకుంటా, పదో తరగతి దాటేదాకా ఆగను. అడగకపోతే నేనే చెబుతా. స్టేషన్ మాస్టర్ అయితే అద్దాలున్నా ఫర్వాలేదా అని కూడా చూశా, దానికీ అద్దాల్లేకుండా 6/9 అంటున్నారు. షెడ్లు, వర్క్‌షాపులు, ఆఫీసుల్లో అద్దాలున్నా తీసుకునే పోస్టులు ఉన్నాయి. సరే, అదంతా ఇప్పుడెందుకు.

మా ఆయనకి ఈ పేజీ మొత్తం చదివించా. ఫౌండేషన్ దగ్గరికొచ్చేసరికి "ఎవరీ ఒంగోలామె" అన్నారు. ఇంకా మాట్లాడుకోవాలి.

గూడూరు అక్కా, ఒక్కటి అడుగుతా. పాపని ఇంజన్ లోపలికి ఎక్కించి చూపించే వీలుంటుందా?

గూడూరు లోకో ఇల్లాలు

కుదరదక్కా, అధికారం లేనివాళ్ళని క్యాబ్‌లోకి ఎక్కించకూడదు, మా పిల్లలే ఎక్కలేదు. ఎవర్నీ అడగొద్దు, పాపం మొహమాటానికి ఎక్కించినా వాళ్ళ ఉద్యోగం మీదికి వస్తుంది. కానీ గూడూరులో గూడ్స్ బండ్లకి సిబ్బంది మారతారు. 10 రూపాయలు పెట్టి ప్లాట్‌ఫాం టికెట్ తీసుకుని ఇంజన్ ఆగే చివర నిలబడితే, దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళు మాట్లాడుకోవడం, బ్యాగులు మార్చుకోవడం అన్నీ కనిపిస్తాయి. ఎండ బాగా ఉంటుంది, టోపీ పెట్టండి.

వచ్చే ముందు ఇక్కడ మెసేజ్ పెట్టండి. మా ఆయనకి రెస్ట్ ఉంటే తీసుకొస్తా, సిగ్నళ్ళ గురించి పాప ఎంత అడిగినా చెబుతారు. నిద్రలో ఉంటే మాత్రం లేపను, అది నా వల్ల కాదు.